నేల లెక్కలోకి రాని నడక

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో తాడేపల్లిగూడెంలో చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరెత్తగానే మనవాళ్లు మందుల పేర్లు చెబుతారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్. గోదావరి డెల్టా వాళ్లం కనుక మనం ముందు చెప్పుకోవలసింది ఇంకొకటుంది: బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర. ఫైలేరియా మీద అది పనిచేస్తుందని 1947లో తేల్చింది ఆయన పరిశోధన నడిపిన లెడర్లీ అనే మందుల సంస్థలోనే. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టకుండానే 1948లో పోయిన మనిషి ఈ జిల్లాల కాళ్లకు చేసిన మేలు అది.

కాళ్లకూ ఆయనకూ ఉన్న మరో సంబంధం దీనికంటే ఇరవై ఏళ్లు పాతది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఇవాళ నా విషయం మనిషి నడకను, పరుగును కంప్యూటర్‌లో లెక్కగట్టడం. ఆ లెక్కకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే భీమవరం మనిషి దగ్గరే తేలతాం. అందుకే ఈ వేదిక మీద ఈ మాట.

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి. పెద్ద సిద్ధాంతమేమీ కాదు, కొలిచే ఉపాయం. ఆ ఉపాయం చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. రెండూ కండరానికి శక్తినిచ్చే భాస్వరం సంయుక్తాలు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు. ముందు కొలత, ఆ తర్వాత కొత్త సంగతి. ఈ వరస గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ పడుతుంది.

అప్పటిదాకా కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే ముడుచుకుంటుందని పెద్దలు నమ్మేవారు. కండరం మీద పరిశోధనలకే ఎ.వి.హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. భాస్వరం సంయుక్తాలు బయటపడ్డాక ఆ కథ నిలవలేదు. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, లాక్టిక్ ఆమ్లం తయారవకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపించేశాడు. హిల్ పెద్దమనిషి. పాత సిద్ధాంతం కూలిందని తానే రాసి ఒప్పుకున్నాడు. అంతటితో ఆగక 1938లో కండరం ఎంత వేగంగా ముడుచుకుంటే దాని బలం ఎంత తగ్గుతుందో ఒక సమీకరణంగా ఇచ్చాడు. ఈ రోజు ఏ దేశంలో ఏ కంప్యూటర్‌లో మనిషి బొమ్మ నడిచినా, దాని కండరాలు దాదాపుగా హిల్ సమీకరణం మీదే నడుస్తాయి. ఆ కండరాలు కాల్చే శక్తి అసలు మనిషిలో ఫిస్క్, సుబ్బారావులు పట్టుకున్న అణువుల్లోంచే వస్తుంది.

నడకకు లెక్క కట్టడం కంప్యూటర్లతో మొదలైన పని కాదు. 1836లోనే జర్మనీలో వేబర్ సోదరులు నడకను యంత్రశాస్త్రంగా రాశారు. గాలిలో ఉన్న కాలు లోలకంలా దానంతటదే ముందుకు ఊగుతుందన్నారు. 1890లలో లైప్‌జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఒక సైనికుడి ఒంటికి వెలిగే గాజుగొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి, ఫొటోలు తీశారు. ఆ కొద్ది అడుగుల లెక్క కాగితం మీద తేల్చడానికి ఏళ్లు పట్టింది. ఆ కాగితాల దొంతర ఊహించుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడా లెక్క చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్ బృందం 2007లో లోకం ముందు పెట్టిన ఓపెన్‌సిమ్ అలాంటిది. అందులో ఎముకలు వంగని కడ్డీలు. మోకాలు మడతబందు లాంటి కీలు. కండరాలు హిల్ సమీకరణంతో లాగే తాళ్లు. కెమెరాలతో మనిషి కదలికను, కాలికింది పలకతో నేల ఎదురు తోపును కొలిచి ఇస్తే, ఏ క్షణంలో ఏ కండరం ఎంత లాగి ఉంటుందో వెనక్కి లెక్కగట్టి చెబుతుంది. బతికున్న మనిషి పిక్కలో సూది గుచ్చి చూడలేని సంగతులు కొన్ని ఇలా అంచనాకు వస్తాయి.

రెండో దారిలో కొలతలు ముందుగా ఇవ్వరు. "తక్కువ ఖర్చుతో ముందుకెళ్లు" అని మాత్రమే చెప్పి, ఎలా వెళ్లాలో కంప్యూటర్‌నే వెతుక్కోమంటారు. 2001లో ఆండర్సన్, పాండీ అనే ఇద్దరు 54 కండరాలున్న నమూనాను ఇలా వదిలారు. మీటరు నడకకు శరీరం ఖర్చు చేసే శక్తి వీలైనంత తక్కువగా ఉండాలన్నది గురి. వచ్చిన నడక మామూలు మనిషి నడకకు చాలా దగ్గరగా ఉంది.

నాకు మటుకు వీటన్నిటికంటే 2006లో మనోజ్ శ్రీనివాసన్, ఆండీ రూయినా 'నేచర్' పత్రికలో ప్రచురించిన చిన్న లెక్క ఎక్కువ ఇష్టం. అందులో మనిషే లేడు. బరువంతా ఒక బిందువు. దానికి బరువులేని రెండు కాళ్లు. కాలు పొడుగు పెంచుకోగలదు, తగ్గించుకోగలదు. మోకాలు లేదు, మడమ లేదు, స్ప్రింగు లేదు. ఇంత వేగంతో, ఇంత అంగ వేస్తూ పోవాలి, కాళ్లు చేసే పని వీలైనంత తక్కువ కావాలి. షరతులు ఇవే. నడవమని గాని పరుగెత్తమని గాని ఎవరూ చెప్పలేదు.

తక్కువ వేగాల దగ్గర కంప్యూటర్ నడకను కనిపెట్టింది. నేలకు ఆనిన కాలు నిటారుగా బిగిసి ఉంటే, ఒళ్లు దాని మీదుగా విల్లులా వంపు తిరిగి అవతలికి దాటుతుంది. కొల్లేట్లో తాటిదోనె నడిపేవాళ్లు గెడను నీటి అడుగున గుచ్చి, దాని ఊతతో దోనెను దాని పక్కగా దాటించుకుపోతారు చూడండి, నడకలో ఆనిన కాలు ఆ గెడే. వేగం పెంచితే అదే కంప్యూటర్ పరుగు పట్టింది, ఒక కాలితో తన్ని గాలిలోకి లేచి రెండో కాలి మీద దిగడం. ఈ రెంటికీ మధ్య మూడో గతి ఒకటి కూడా దొరికింది. మనిషి దాన్ని పెద్దగా వాడడు. కంప్యూటర్‌కు మనం చెప్పిందే తెలుసు, చెప్పనిది రాదు అనేవారికి నేను ఈ లెక్క చూపిస్తాను. నడక, పరుగు అన్న రెండు అలవాట్లు మనకు పొదుపు నేర్పినవే అన్న అనుమానానికి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం నాకు తెలియదు.

నడక ఎక్కడ పరుగుగా మారుతుందన్నది కాలి పొడవు మీద, భూమి ఆకర్షణ మీద ఆధారపడుతుంది. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని కాలి పొడవు, గురుత్వ త్వరణం రెండింటి లబ్ధంతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. ఓడల లెక్కలు కట్టిన విలియం ఫ్రూడ్ పేరు దానికి. అది సుమారు 0.5 దగ్గరకు వచ్చేసరికి మనిషి నడక వదిలి పరుగు అందుకుంటాడు. తొంభై సెంటీమీటర్ల కాలున్న మనిషికి అది గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం. యాభై సెంటీమీటర్ల కాలున్న పిల్లవాడికి గంటకు ఐదున్నరే. బడికి ఆలస్యమై నాన్న గబగబా నడుస్తుంటే ఆయన వేలు పట్టుకున్న పిల్లవాడు పక్కన పరుగెత్తడం అల్లరి కాదు. వాడి కాళ్లకు అదే చౌక. ఇదే లెక్కన చంద్రుడి మీద పెద్దవాడికి కూడా గంటకు మూడు కిలోమీటర్ల దగ్గరే నడక ఆగిపోతుంది. అపోలో వ్యోమగాములు గెంతుతూ పోయారంటే పోరా మరి.

కిలోమీటరుకు అయ్యే ఖర్చు చూస్తే, గంటకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల వేగం దగ్గర నడక అన్నిటికంటే చౌక. 1958లో రాల్‌స్టన్ చూపించిన ఈ సంగతి నమూనాల్లోనూ బయటపడుతుంది. పరుగులో అలా కాదు, వేగం ఏదైనా ఒళ్లు బరువు కిలోకు, దూరం కిలోమీటరుకు సుమారు ఒక కిలో కేలరీ. నడకైతే దాంట్లో సగం. ఏలూరు నుంచి ద్వారకా తిరుమల నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అరవై కిలోల భక్తుడు నడిచి వెళితే ఊరకే కూర్చున్నప్పటి ఖర్చుకు అదనంగా 1,200 కిలో కేలరీలు. పరుగెత్తి వెళితే రెట్టింపు. స్వామి ఎవరికి ఎక్కువ పుణ్యం ఇస్తాడో నేను చెప్పలేను.

రైలు కదలబోతుంటే ప్లాట్‌ఫారం మీద కాస్త నడిచి, కాస్త పరుగెత్తి, మళ్లీ నడిచేవాళ్లను చూస్తుంటాం. అది కంగారు కాదు. నడకకు మరీ ఎక్కువ, పరుగుకు మరీ తక్కువ అయిన వేగంతో ఫలానా టైముకు చేరాలంటే రెండింటినీ కలపడమే తక్కువ ఖర్చని 2013లో లాంగ్, శ్రీనివాసన్ లెక్కగట్టి, మనుషులు నిజంగా అలాగే చేస్తారని కూడా చూపించారు.

ఇంతవరకు అంతా చదునైన గట్టి నేల. నా పేచీ ఇక్కడే. ఓపెన్‌సిమ్ లాంటి వాటితో వచ్చే మామూలు నమూనాల్లో పాదం కింద ఉండేది గచ్చు. అరికాలికి కొన్ని చోట్ల స్ప్రింగులు పెట్టి, వాటిని గచ్చు మీద ఆనిస్తారు. కొలతలు చాలావరకు ట్రెడ్‌మిల్ మీద, విశ్వవిద్యాలయ విద్యార్థుల కాళ్ల నుంచి వచ్చినవి. దమ్ము చేసిన మడి నాకు వాటిలో కనబడలేదు. చేపల చెరువు గట్టు కనబడలేదు. వర్షాకాలంలో లంక గ్రామాల మధ్య రేగడి బాట కనబడలేదు.

బురద నేలకు లెక్క లేదని కాదు. 1972లో అమెరికా సైన్యం కోసం సూల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు నేలల పట్టిక ఇచ్చారు. తారు రోడ్డు మీది ఖర్చును 1 అనుకుంటే, మట్టిబాటకు 1.1, ఊబి నేలకు 1.8, వదులు ఇసుకకు 2.1. అన్ని ఊబులకూ కలిపి ఒక్క అంకె! చీలమండ దాకా దిగే ఊబా, మోకాలి దాకా దిగేదా? కింద గట్టి పొర ఉందా? సిపాయి బూటుకు తేడా తెలియకపోవచ్చు. కూలి కాలికి తెలుస్తుంది. దమ్ము చేసిన మడిలో పైన అడుసు, కింద నాగలి అణచిన గట్టి పొర. కాలు ఆ పొర దాకా దిగి, అక్కడ ఆగి, పైకి వచ్చేటప్పుడు బురద పట్టి లాగుతుంది. కొల్లేటి అంచున అయితే ఆ గట్టి పొర ఎక్కడుందో ముందే తెలియదు.

బురదలో నడకకు ఎందుకంత ఖర్చవుతుందో కంప్యూటర్ నమూనాలే చెబుతాయి, మనం అడగాలి. ఒక కాలు నేలను తాకేటప్పుడల్లా కొంత శక్తి తాకిడిలో పోతుంది. ఆ తాకిడికి కాస్త ముందు వెనక కాలి మునివేళ్లు నేలను తన్నితే నష్టం తగ్గుతుంది. ఆర్థర్ కువో 2002లో అతి చిన్న నమూనాతో చూపించిన లెక్క ప్రకారం, వెనక కాలి తన్నుతో నడవడానికి అయ్యే పని, తుంటి బలంతో ఒంటిని లాక్కెళ్లే పనిలో నాలుగో వంతే. మరి వెనక కాలు తన్నిన చోట బురద జారిపోతే? ఆ తన్ను ఒంటికి కాక బురదకు చేరుతుంది. నడకలో ఉన్న ఒక పెద్ద పొదుపు అక్కడ పనికిరాదు. ఇసుక మీద దాదాపు ఇదే జరుగుతుంది. లెజూన్ బృందం 1998లో కొలిస్తే, ఇసుక మీద నడకకు గట్టి నేల మీది కంటే 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి పట్టింది. పరుగుకు మాత్రం 1.6 రెట్లే. ఇసుక కంటే మన అడుసుకు ఒక చిక్కు ఎక్కువ, అది కాలిని పట్టుకుంటుంది.

పైగా నాట్లు వేసేవాళ్లు ముందుకు నడవరు. నడుము వంచి, వెనక్కి, పూటంతా. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్నవాడు నాట్లు వేయించుకునేవాడే గాని వేసేవాడు అయ్యుండడు.

ఇక మోత. కెన్యాలో లువో, కికూయు స్త్రీలు తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా నెత్తిన పెట్టుకుని, అదనపు శక్తి ఖర్చు కనబడకుండా నడుస్తారని 1986లో 'నేచర్'లో వచ్చింది. 1995లో హెగ్లండ్ బృందం కారణం చెప్పింది: ఒళ్లు విల్లులా దాటేటప్పుడు ఎత్తు నుంచి వేగానికి, వేగం నుంచి ఎత్తుకు శక్తి మారడం వాళ్లలో మోత ఉన్నప్పుడు మెరుగవుతుంది. దక్షిణాఫ్రికాలో షోసా స్త్రీల మీద తర్వాత జరిగిన కొలతల్లో ఆ లాభం కనిపించలేదు. కాబట్టి చుట్టకుదురు మీద చేపల గంప పెట్టుకుని గట్టు మీద పోయే మన ఆడవాళ్లకు ఏది వర్తిస్తుందో కొలిస్తే గాని చెప్పలేం. గొప్పగా ఉంది కదా అని వాళ్లు కూడా 'ఉచితంగా' మోస్తున్నారని అనేయడం నాకు ఇష్టం లేదు. మెడనొప్పులకు ఎవరు జవాబు చెబుతారు?

కావడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కంప్యూటర్ నమూనా మన దగ్గరి వస్తువుకు అంత దగ్గరగా వచ్చిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు. 1991లో రోజర్ క్రామ్ బాగా వంగే గొట్టాలను భుజాన వేయించి మనుషుల్ని పరుగెత్తించాడు. శక్తి ఆదా కాలేదు. కాని భుజం మీద పడే పెద్ద దెబ్బ బాగా తగ్గింది. కావడి కథ అక్కడితో అయిపోయిందనుకోవచ్చు. అయితే ఆ మోసినవాళ్లు కావడి అలవాటున్నవాళ్లు కారు. 2019లో ష్రోడర్, బెర్ట్‌రామ్, వారి వియత్నాం సహచరులు వేరే పని చేశారు. వియత్నాం పల్లెల్లో వెదురు బద్ద మోయడం అలవాటైన రైతుల దగ్గరికే వెళ్లారు. వంగే బద్దతో, వంగని బద్దతో రకరకాల బరువులు మోయించి అడుగుల జోరు కొలిచారు. ఇంకోవైపు కంప్యూటర్‌ను 'ఈ ఊగే బరువుతో తక్కువ పని అయ్యేలా నడువు' అన్నారు. బరువు ఎక్కువైనప్పుడు, అడుగుల జోరు ఎటు మార్చాలో, ఎంత మార్చాలో నమూనా చెప్పినదానికి రైతులు చేసినది చాలావరకు సరిపోయింది. ఎవరూ చెప్పకుండానే వాళ్ల కాళ్లు బద్దతో రాజీ కుదుర్చుకున్నాయి.

దీన్ని మనం స్కేలు బద్దతో మొదలుపెట్టవచ్చు. బరువు తగిలించగానే కావడి బద్ద కొస భుజం మట్టం నుంచి ఎంత కిందికి వంగిందో కొలవండి. గురుత్వ త్వరణాన్ని ఆ వంపుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే బద్ద సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. వంపు ఆరు సెంటీమీటర్లయితే సెకనుకు రెండు ఊగులు. మామూలు నడకలో అడుగులు కూడా సెకనుకు రెండే. అంటే బద్ద, కాలు ఒకే జోరులో పడి బరువు విపరీతంగా ఎగిరిపడుతుంది. వంపు పాతిక సెంటీమీటర్లయితే సెకనుకు ఒక్క ఊగే. అప్పుడు మనిషి పైకీ కిందికీ ఆడుతున్నా బరువు దాదాపు ఒకే మట్టంలో సాగిపోతుంది. మంచి కావడి బద్ద ఎంచేవాడికి ఈ లెక్క రాకపోవచ్చు, బద్ద మాత్రం బాగానే ఎంచుతాడు. అలా ఎంచేవాళ్లు తగ్గిపోతున్నారు. వాళ్లు ఉండగానే కొలవడం మంచిది.

ఈ లెక్కలన్నీ ఎవరికి పనికొస్తాయి అని అడిగేవాళ్లకు కాలు పోయినవాళ్లను, పోలియో వచ్చినవాళ్లను చూపిస్తాను. హైదరాబాదులో క్షిపణుల మీద పనిచేస్తున్న అబ్దుల్ కలాం, నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోలకు పైబడిన కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. నడుముకు కట్టుకున్న కిలో కంటే పాదానికి తగిలించిన కిలో ఎన్నో రెట్లు ఖర్చు. ప్రతి అడుగుకూ దాన్ని ఊపాలి, ఆపాలి. 1960ల చివర్లో జైపూర్‌లో డాక్టర్ పి.కె.సేథీ, శిల్పి రామచంద్ర శర్మ చేసిన పాదం చెప్పు లేకుండా పొలంలో నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి పనికొచ్చింది. 2022లో మద్రాసు ఐఐటీ నుంచి 'కదం' అనే కృత్రిమ మోకాలు వచ్చింది. ఒకే ఇరుసు మీద కాక, మడిచేకొద్దీ చోటు మారే ఇరుసు మీద వంగే మోకాలు అది. ఇవన్నీ మన నేలను, మన కూర్చునే తీరును కొంత లెక్కలోకి తీసుకున్నవి. అయినా కొల్లేటి గట్టు మీద అలాంటి కాలుతో నడిచేవాడు జారకుండా ఉండాలంటే, గట్టు వాలు, తడి రేగడి జారుడు కూడా నమూనాలోకి రావాలి.

2015 నుంచి ఈ ఊళ్లో ఎన్‌ఐటీ ఉంది. నేను యంత్రశాస్త్రం చెప్పిన రోజుల్లో ఇలాంటి కొలతకు ప్రత్యేకమైన గది, బోలెడు కెమెరాలు కావాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఓపెన్‌క్యాప్ ఇప్పుడు రెండు ఐఫోన్లతో మనిషి కదలికను ఓపెన్‌సిమ్‌లోకి ఎక్కిస్తుంది. కెమెరా ఇప్పుడు అడ్డంకి కాదు. నేల ఎదురు తోపును బురదలో కొలవడమే కష్టం, అక్కడ గచ్చులో పాతే పలకలు పనికిరావు. ఫిస్క్, సుబ్బారావులు కండరం జోలికి వెళ్లే ముందు భాస్వరం కొలిచే దారి వేసుకున్నారని మొదట చెప్పాను. మీరూ బురద కొలిచే దారి ముందు వేసుకోండి. కాలు ఎంత లోతు దిగింది, బయటికి తీయడానికి ఎంత బలం పట్టింది, దిగిన చోట గట్టి పొర ఎంత లోతున ఉంది. ఈ మూడూ వస్తే కండరాల నమూనా తర్వాత పట్టుకోవచ్చు.

దాళ్వా నాట్లు సంక్రాంతికి అటూ ఇటూగా పడతాయి. గీతలు పెట్టిన వెదురు కర్ర, తూకం వేసే స్ప్రింగు కాటా, స్కేలు బద్ద ఉంటే మొదటి కొలతలు ఆ రోజుల్లోనే తీయవచ్చు. వెళ్లేముందు మేస్త్రీతోను, నాట్లు వేసే అమ్మలతోను విడివిడిగా మాట్లాడండి. కొలతకు నిలబడిన పూటకు కూడా పూర్తి కూలి ఇస్తామని చెప్పి, ఇవ్వండి.